కొట్టిన చేతిలోనే కలము

జంషెడ్‌పూర్ నగరములో టెల్కో కార్ఖానాకు చేరువగా, ఒకటవ జోను, రెండవ జోను అను లెక్కలతో విస్తరించిన బిర్సానగర్ ఏ వీరుని పేరు మోయుచున్నదో ఆ బిర్సా ముండా, 1900 ఫిబ్రవరిలో చక్రధర్‌పూర్ ప్రాంతపు అడవిలో పట్టుబడి, విచారణ ముగియకమునుపే, జూన్ 9వ తేదీన రాంచీ కారాగారములో కన్నుమూసెను. అప్పటికి ఆయనకు ఇరువదియైదేండ్లైనను నిండలేదు. కలరా సోకి మరణించెనని ప్రభుత్వ పత్రములు చెప్పినవి. విషప్రయోగము జరిగెనని అనుమానించువారు ఆనాటినుండి నేటివరకు కలరు. ఆ వివాదమును తీర్చుటకు ఇప్పుడు సాధనములు లేవు, ఈ వ్యాసమునకు ఆ అవసరమును లేదు. గమనింపవలసినది వేరొకటి కలదు. ఆ యువకుని బంధించినది ఏ ప్రభుత్వమో, కాపలా కాసినదియు, వైద్యము చేయించినదియు, తుదకు మరణకారణమును వ్రాసి సంతకము చేసినదియు ఆ ప్రభుత్వమే. వెలుపలివాడొకడు వ్రాసిన కాగితము ఒక్కటైనను లేకపోవుటచేతనే, నూటయిరువదియైదేండ్లు గడచినను ఆ అనుమానము చావలేదు.

బిర్సా కన్నుమూయుటకు ఆరేండ్లముందు, 1894లో, ఆంగ్లప్రభుత్వము కారాగార చట్టమును చేసెను. దేశము స్వతంత్రమైన పిమ్మట అనేక రాష్ట్రములు దానినే నెత్తిన పెట్టుకొని నడచినవి. బీహారు నడచినది, బీహారునుండి 2000 నవంబరు 15న, అనగా బిర్సా జయంతినాడే, వేరుపడిన ఝార్ఖండ్‌కును అదియే వారసత్వముగా సంక్రమించినది. ఖైదీ మరణించినప్పుడు వైద్యాధికారి రిజిస్టరులో ఏమేమి వ్రాయవలెనో ఆ చట్టపు 15వ విభాగము వరుసగా చెప్పును. చనిపోయినవాడు మొదట ఏనాడు అస్వస్థత చెప్పుకొనెను, ఆనాడు ఏ పని చేయుచుండెను, ఏ తరగతి భోజనము తినెను, ఆసుపత్రిలో ఎన్నడు చేరెను, వైద్యునకు ఎన్నడు తెలిసెను, రోగమేది, వైద్యుడు కడసారి ఎప్పుడు చూచెను, ప్రాణము ఎప్పుడు పోయెను, శవపరీక్ష జరిగినచో ఏమి కనబడెను. ఆనాడు తిన్న రొట్టెల లెక్క కూడ అడిగిన ఈ చట్టము, దేహముపై దెబ్బలున్నచో అవి ఎవరి చేతివని మాత్రము అడుగదు. అడిగినను చెప్పవలసినవాడు ఎవడు? 13వ విభాగము ప్రకారము వైద్యాధికారి పని సూపరింటెండెంటు అదుపునకు లోబడి సాగవలసినది.

కారాగార సిబ్బంది ఖైదీపై బలప్రయోగము చేసినప్పుడు వారిని క్రమశిక్షణకు గురిచేయుటలో మన వ్యవస్థ ఎందుకు విఫలమగుచున్నదను ప్రశ్న వచ్చినపుడెల్లను, శిక్షలు తేలికగా ఉన్నవనియు, అధికారులకు మనస్సు లేదనియు, రాజకీయ జోక్యము జరుగుచున్నదనియు మాటలు వినబడుచుండును. ఆ మూటిలోను నిజము లేకపోలేదు. అయితే ఈ వ్యాసకర్త అభిప్రాయములో అసలు లోపము శిక్ష దగ్గర లేదు; అంతకు చాలముందు, దెబ్బ పడిన గంటలోనే ఉన్నది. దెబ్బ కొట్టినవాడే, కాకున్నచో వాని పక్కన నిలిచినవాడే, జరిగినదానిని గూర్చిన తొలివాక్యమును వ్రాయుచున్నాడు. ఆ తొలివాక్యమును ఆధారముగా చేసికొనియే వైద్యుడు చీటీ వ్రాయును, సూపరింటెండెంటు నివేదిక పంపును, విచారణాధికారి ప్రశ్నలు వేయును. పునాది వంకరగానున్న ఇంటికి ఎంత నిలువైన గోడ కట్టినను ఏమి ప్రయోజనము?

దీనికి నిదర్శనము 1979లోనే సర్వోన్నత న్యాయస్థానము ముందుకు వచ్చెను. తీహారు కారాగారములో మరణదండన పడియున్న సునీల్ బాత్రా అను ఖైదీ, తన తోటి ఖైదీ ఒకనిపై హెడ్ వార్డరు జరిపిన ఘోరమును వివరించుచు న్యాయమూర్తికి ఒక ఉత్తరము వ్రాసెను. లంచము ఇయ్యలేదను కోపముతో, ఆ యావజ్జీవ ఖైదీ గుదమునందు కఱ్ఱ చొప్పించి గాయపఱచిరనుట ఆరోపణ. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ ఉత్తరమునే రిట్ పిటిషనుగా స్వీకరించి, ఇద్దరు న్యాయవాదులను జైలునకు పంపి విచారింపజేసెను. ఆ రక్తస్రావమునకు జైలు పక్షమున చెప్పబడిన కారణములు చూడదగినవి: వాడే చేసికొనెనని ఒకటి, మూలవ్యాధి అని మఱియొకటి. నోరు తెఱచిన ఖైదీని, చూచిన వైద్యుని లొంగదీయుటకు ప్రయత్నములు జరిగినట్లు కూడ న్యాయస్థానము దృష్టికి వచ్చెను. ఉత్తరము గోడ దాటి ఉండకపోయినచో ఆ గాయము మూలవ్యాధిగానే రిజిస్టరులో శాశ్వతమై యుండెడిది. ఫిర్యాదుల పెట్టెలు పెట్టవలెననియు, వాటి తాళము లోపలివారి చేత ఉండరాదనియు, జిల్లా మేజిస్ట్రేటులు, సెషన్సు న్యాయమూర్తులు స్వయముగా జైళ్లు చూడవలెననియు, న్యాయవాదులు ఖైదీలతో ఏకాంతముగా మాటలాడు వీలుండవలెననియు ఆ తీర్పు ఆదేశించెను. పెట్టెలు వచ్చినవి. ఖైదీ చీటీ వ్రాసి వార్డరు కన్నులయెదుట ఆ పెట్టెలో వేయవలెననుట మాత్రము ఎవరికిని చిత్రముగా తోచలేదు.

ఆ మరుసటి సంవత్సరమే, ఈ ఝార్ఖండ్ ప్రాంతము బీహారులో భాగమై యున్న కాలముననే, భాగల్పూరు దురాగతము బయటపడెను. విచారణలోనున్న ముప్పదిమందికి పైగా నిందితుల కన్నులను పోలీసులు సూదులతో పొడిచి ఆమ్లము పోసి నాశనముచేసిరి. ఇది జైలు సిబ్బంది చేసినది కాదు, పోలీసులు చేసినది. అయినను ఇక్కడ చెప్పుటకు కారణము కలదు. కన్నులు పోయి కారాగారమునకు వచ్చినవారి అర్జీలను వ్రాయించి న్యాయస్థానమునకు పంపినవాడు భాగల్పూరు కేంద్ర కారాగారపు సూపరింటెండెంటు. వారికి న్యాయవాదిని ఏర్పాటుచేయు నిబంధన లేదని జిల్లా న్యాయస్థానము బదులిచ్చెను. 1980 నవంబరులో పత్రికలు విషయమును వెల్లడించిన పిదప పోలీసు సిబ్బంది కొందఱిని సస్పెండు చేసిరి. కొద్దినెలలలో వారిలో చాలమంది మరల విధులలో చేరిరి. సస్పెన్షను వేటు తగిలినవారిలో ఆ సూపరింటెండెంటు కూడ ఉండెను. క్రమశిక్షణ అను ఆయుధము మన కార్యాలయములలో ఏ దిక్కునకు సులభముగా తిరుగునో తెలియుటకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము దొరకదు. చేసినవానిని శిక్షించుటకు సాక్ష్యము కావలెను. చెప్పినవానిని శిక్షించుటకు ఒక సంతకము చాలును.

మన తెలుగునాట ఈ చరిత్ర లేదనుకొనుట పొరపాటు. 1974లో భువన్ మోహన్ పట్నాయక్ కేసు విశాఖపట్టణము కేంద్ర కారాగారమునుండియే సర్వోన్నత న్యాయస్థానమునకు చేరెను. శిక్షపడినంతమాత్రమున మనుష్యుడు ప్రాథమికహక్కులన్నిటిని కోల్పోడని న్యాయస్థానము చెప్పిన మాట అందులోనిది. కోవెలకుంట్ల ఉపకారాగారము కథ మఱింత బాధాకరము. 1977 మే నెలలో ఒక రాత్రి, చల్లా చిన్నప్పరెడ్డి, ఆయన కుమారుడు రామకృష్ణారెడ్డి అక్కడ నిర్బంధములో ఉండగా, ప్రత్యర్థులు లోనికి చొరబడి గదిపై బాంబులు వేసిరి. తండ్రి మరణించెను, కుమారుడు గాయపడెను. ప్రాణభయమున్నదని ముందుగానే చెప్పుకొన్నను, ఉండవలసినంత మంది కాపలాదారులు ఆ రాత్రి లేరు. ప్రభుత్వము తన సార్వభౌమత్వమును అడ్డుపెట్టి బాధ్యత తప్పించుకొనజూచెను. హైకోర్టు ఇచ్చిన 1,44,000 రూపాయల నష్టపరిహారమును సర్వోన్నత న్యాయస్థానము 2000 సంవత్సరములో స్థిరపఱచి, ప్రాణహక్కు ముందు సార్వభౌమత్వపు మాట చెల్లదని తీర్పు చెప్పెను. ఇరువదిమూడేండ్లు పట్టినది. ఆ సొమ్ము ప్రజల ఖజానానుండి పోయినది. డీ.కే. బసు కేసులో, 1996లో, ప్రభుత్వము ముందు చెల్లించి తరువాత తప్పుచేసిన ఉద్యోగినుండి రాబట్టుకొనవచ్చునని న్యాయస్థానము చెప్పియే యున్నది. ఆ దారిలో నడచిన ప్రభుత్వములు అరుదు.

ఇక మన ఊరి ముచ్చట. టాటానగర్ స్టేషనుకు దక్షిణమున నున్న ఘాఘీడీహ్ కేంద్ర కారాగారములో 2019 జూన్ నెలలో జరిగిన కొట్లాటలో ఒక ఖైదీ ప్రాణము పోయెను. 2022 ఆగస్టులో జంషెడ్‌పూర్ సెషన్సు న్యాయస్థానము తోటి ఖైదీలు 15 మందికి మరణదండన విధించెను. అట్టి శిక్ష హైకోర్టు ధ్రువీకరింపనిదే అమలునకు రాదు గనుక, వారి దోషనిర్దోషములను గూర్చి ఇక్కడ ఒక్క మాటయు చెప్పుట తగదు. కాని ప్రభుత్వపు తాళముల మధ్య, ప్రభుత్వపు లాఠీల నడుమ ఒకడు కొట్టబడి చచ్చినప్పుడు, తాళపుచెవుల గుత్తి పట్టుకొన్నవారి కర్తవ్యభంగమునకు 1894 చట్టము ఏ వెల కట్టినదో చూడుడు: 54వ విభాగము క్రింద 200 రూపాయలకు మించని జరిమానా, లేదా మూడు నెలలకు మించని ఖైదు, లేదా రెండును. ఒక పక్క పదునైదు ఉరిత్రాళ్లు, మఱియొక పక్క రెండువందల రూపాయలు. శిక్షాస్మృతిలోని పెద్ద నేరములు వార్డరులకును వర్తించుననుట నిజమే; అయినను కారాగారమును నడపు చట్టమే తన ఉద్యోగి అపరాధమును ఇంత చవుకగా లెక్కించినప్పుడు, ఆ లెక్క శాఖలోని అందఱి మనస్సులకును ఎక్కును.

శాఖాపరమైన విచారణ ఎట్లు సాగునో ఈ నగరములో కార్ఖానా ఉద్యోగము చేసిన ప్రతి తెలుగు కుటుంబమునకును తెలియును. చార్జిషీటు ఇత్తురు, సంజాయిషీ అడుగుదురు, విచారణాధికారిని వేయుదురు, సాక్షులను పిలుతురు, తుదకు మందలింపో, ఇంక్రిమెంటు కోతయో, తొలగింపో. న్యాయస్థానములో నేరము నిస్సందేహముగా రుజువు కావలెను. శాఖావిచారణలో సంభావ్యత ఎటు మొగ్గుచున్నదో చూచిన చాలును. ఈ రెండును ఏకకాలమున నడువవచ్చునని కోలారు బంగారు గనుల ఉద్యోగి పాల్ ఆంటొనీ కేసులో 1999లో సర్వోన్నత న్యాయస్థానము తేల్చియే యున్నది. కనుక శాఖావిచారణ సులభమైన మార్గము కావలసినది. కారాగారములో అది కఠినమగుటకు కారణము సాక్షులే. చూచినవారిలో ఒకరు తోటి వార్డరు. రేపు లాఠీపట్టి పక్కన నిలువవలసినవాడు, సంఘములో సభ్యుడు, క్వార్టర్లలో పొరుగింటివాడు. మఱియొకరు ఖైదీ; సాక్ష్యమిచ్చి తిరిగి ఆ వార్డులోనికే పోవలసినవాడు, ఆ వార్డరు తెఱచిన తలుపుగుండనే నడువవలసినవాడు. విచారణ మొదలగునాటికి వాడు విడుదలై పోవును, లేదా వేఱొక జైలుకు మార్చబడును. ఇక సస్పెన్షనును శిక్షగా చూపి ప్రజలను శాంతింపజేయుట ఒక అలవాటైనది. సస్పెన్షను శిక్ష కాదు. సగము జీతముతో నిరీక్షణ. మూడు నెలలలో అభియోగపత్రము ఇయ్యనిచో దానిని పొడిగింపరాదని 2015లో అజయ్ కుమార్ చౌధరి కేసు తీర్పు చెప్పుచున్నది. నాలుగవ నెలలో ఉద్యోగి మరల గేటు దగ్గర నిలిచిన దృశ్యమును లోపలి ఖైదీలు ఏమని అర్థముచేసికొందురో చెప్పనక్కఱలేదు.

ముంబయి బైకుల్లా మహిళా కారాగారములో 2017 జూన్‌లో జరిగిన ఘటన ఈ విషయములో అన్ని ముడులను ఒకచోట చూపును. రెండు కోడిగ్రుడ్లు, అయిదు పావు రొట్టెలు లెక్కకు తక్కువైనవని ఆరంభమైన గొడవలో ఒక ఖైదీ స్త్రీ సిబ్బంది దెబ్బలకు మరణించెనని అభియోగము. ఆమె సామాన్యపు ఖైదీ కూడ కాదు. సత్ప్రవర్తనచేత బ్యారక్‌పై పర్యవేక్షకురాలిగా నియమింపబడినది. ఆరుగురు సిబ్బందిపై హత్యాభియోగము మోపబడెను. అంతటితో ఆగలేదు, ఆమె మరణమునకు ఆగ్రహించి అల్లరిచేసిరని సుమారు 200 మంది ఖైదీలపై కూడ కేసు పెట్టబడెను. చూచినవారు సాక్షులు కావలసినచోట నిందితులైరి.

అమెరికాలో యంత్రములున్నవి గదా, కెమెరాలు పెట్టినచో చాలదా అనువారు కలరు. న్యూయార్కు రాష్ట్రములోని మార్సీ కారాగారములో 2024 డిసెంబరు 9వ తేదీ రాత్రి, చేతులకు సంకెళ్లు వేసి వైద్యశాల మంచముపై కూర్చుండబెట్టిన ఖైదీని అధికారులు కొట్టి చంపిన దృశ్యము వారి ఒంటిపైనున్న కెమెరాలలోనే దొరకెను. ఆ కెమెరాలను వారు పనిచేయించలేదు. అవి విరామస్థితిలో ఉండి కూడ శబ్దములేని చిత్రమును తమంతటతామే తీసికొనుచున్న సంగతి వారికి తెలియదు. ఆ చిత్రము ఉన్నందుననే గవర్నరు పదునలుగురు ఉద్యోగులను తొలగింపుమని ఆదేశింపగలిగెను, హత్యాభియోగములు రాగలిగెను. అక్కడ మామూలుగా ఉద్యోగిని తొలగింపదలచినచో సంఘముతో చేసికొన్న ఒడంబడిక ప్రకారము మధ్యవర్తి దగ్గరకు పోవలెను; కెమెరా లేని కేసులలో అధికారి మాట ఒకవైపు, ఖైదీ మాట మఱియొకవైపు నిలుచును; ఎవరి మాట నెగ్గునో ఊహింపవచ్చును. గదిలో వైద్యసిబ్బంది ఉండియు అడ్డు చెప్పకపోవుట ఆ చిత్రములో అన్నిటికంటె భయంకరమైన భాగము. యంత్రము పొరపాటున పట్టిచ్చినది గాని, నియమము ప్రకారము ఏ మనిషియు పట్టియియ్యలేదు.

మఱి ఏమి చేయవలెను? జంషెడ్‌పూర్‌వాసులకు దూరము పోనక్కఱలేదు. కార్ఖానాలో ఒక కార్మికుని వేలు నలిగినను ప్రమాదముల పుస్తకములో వ్రాయవలెను. పెద్ద గాయమైనచో ఇన్‌స్పెక్టరునకు తెలుపవలెను. యజమాని తప్పున్నదా, కార్మికుని తప్పున్నదా అనునది తరువాతి మాట, వ్రాయకపోవుటయే మొదటి నేరము. కారాగారములో ఈ క్రమము తలక్రిందులుగా ఉన్నది. అక్కడ దెబ్బ కొట్టెనా లేదా అని రుజువుచేయుటకు ఏండ్లు గడపుచున్నాము. కొట్టినవాడు ఆ దినమే దానిని ఎందుకు వ్రాయలేదని అడుగుట లేదు. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమములలో 82వది, ఆత్మరక్షణకు, పారిపోవు ప్రయత్నమును ఆపుటకు, న్యాయమైన ఆజ్ఞను దేహబలముతో ఎదిరించినప్పుడు మాత్రమే, అదియు కావలసినంత మట్టుకే, బలప్రయోగము చేయవలెననియు, చేసిన వెంటనే పై అధికారికి నివేదింపవలెననియు చెప్పును. 34వది వైద్యునకు, ఖైదీ దేహముపై హింసాచిహ్నములు కనబడినచో వ్రాసి తగిన అధికారులకు తెలుపు కర్తవ్యమును విధించును. కనుక నియమము ఇట్లుండవలెను: బలప్రయోగము చేసిన ప్రతి ఉద్యోగియు, దానిని చూచిన ప్రతి ఉద్యోగియు, విధి ముగించి గేటు దాటకముందే విడివిడిగా తన కథనమును వ్రాసి సంతకము చేయవలెను. ఖైదీ దేహముపై గాయమున్నను దానిని గూర్చిన కథనము రిజిస్టరులో లేనిచో, ఆ సమయమున విధిలోనున్నవారందఱిపైనను, ఎవరు కొట్టిరను ప్రశ్నతో నిమిత్తము లేకుండ, వ్రాయకపోవుటకే అభియోగపత్రము పోవలెను. మౌనమును రుజువుచేయుటకు సాక్షి అక్కఱలేదు. ఖాళీగా నున్న పుట చాలును.

పోలీసు నిర్బంధములో గాయము కనబడినచో దానిని పోలీసులే చేసిరని న్యాయస్థానము భావింపవచ్చునను నిబంధనను సాక్ష్యచట్టములో చేర్చుమని లా కమిషను 113వ నివేదికలో 1985లోనే కోరెను. నేటివరకు అది చట్టము కాలేదు. హింసా వ్యతిరేక ఒడంబడికపై భారతదేశము 1997 అక్టోబరులో సంతకము చేసినది, ఇంతవరకు ధ్రువీకరింపలేదు. 2010లో లోక్‌సభ ఆమోదించిన బిల్లు మురిగిపోయినది. ఢిల్లీ కదలువఱకు ఎదురుచూడవలసిన పని ఝార్ఖండ్‌కు లేదు. కారాగారములు రాజ్యాంగములోని రాష్ట్రజాబితాకు చెందినవి. 2023లో కేంద్రము నమూనా చట్టమును రాష్ట్రములకు పంపినది. దానిని అట్లే స్వీకరించుటయో, దానికి మెఱుగుపెట్టుటయో రాంచీ చేతిలో ఉన్నది. మెఱుగుపెట్టదలచినచో వైద్యాధికారిని సూపరింటెండెంటు అదుపునుండి తొలగించి ఆరోగ్యశాఖకు, అతని గాయపత్రము ప్రతిని నేరుగా జిల్లా న్యాయసేవాసంస్థకు అప్పగించుట మొదటి పని.

వార్డరు పక్షమును వినకుండ ముగించుట అన్యాయము. 2022 చివర దేశపు జైళ్లలో 4,36,266 మందికి చోటుండగా 5,73,220 మంది ఉండిరి. వారిలో నలుగురిలో ముగ్గురు విచారణఖైదీలే. మంజూరైన సిబ్బంది ఉద్యోగములలో మూడవవంతుకు దగ్గరగా ఖాళీలు. పగలీ ఘంటీ అను జైలు అపాయపు గంట మ్రోగినప్పుడు లాఠీ పట్టుకొని పరుగెత్తు వార్డరు, లోపల ఏమి జరుగుచున్నదో, ఎవని చేతిలో ఏమున్నదో తెలియక పరుగెత్తుచున్నాడు; ఆ గంట మ్రోగిన పిమ్మట చీకటిలో పడిన దెబ్బలలో ఏది అవసరమైనది, ఏది కసితో కొట్టినదను భేదమును తరువాత కుర్చీలో కూర్చుండి తేల్చుట సులభము కాదు. 1971 జూలైలో హజారీబాగ్ కేంద్ర కారాగారములో నక్సలైటు ఖైదీలు పలువురు సిబ్బంది చేతులలో మరణించిన వృత్తాంతమును, అక్కడ నిర్బంధములో ఉండి, తరువాత జంషెడ్‌పూర్ జైలులో కూడ గడపిన మేరీ టైలర్ తన గ్రంథములో వ్రాసెను; గంట మ్రోగించుట ఎంత తేలికయో, ఆపుట ఎంత కష్టమో ఆ వృత్తాంతము చదివినవారికి తెలియును. అందుచేతనే వ్రాయు నియమము వార్డరునకు శత్రువు కాదు. న్యాయముగా బలము వాడినవానికి, ఆ దినమే వ్రాసిన కథనము కంటె బలమైన రక్షణ వేఱొకటి లేదు. రాజ్యాంగము 311వ అధికరణము ఇచ్చు అవకాశమును వాడుకొని విచారణలో నిలువబడినప్పుడు వాని చేతిలో నుండునది అదియే. వ్రాయుటకు వెనుకాడువాడు ఎవడో మేలైన సూపరింటెండెంటునకు మొదటి నెలలోనే తెలిసిపోవును.

సెషన్సు న్యాయమూర్తి కారాగారమును చూడవచ్చినప్పుడు ఇప్పుడు వంటగది చూపుదురు, గ్రంథాలయము చూపుదురు, వరుసలో నిలిపిన ఖైదీలను కష్టమేమైన ఉన్నదా అని అడుగుదురు, లేదని వారు చెప్పుదురు. ఆ వరుస దగ్గరకు పోకముందు బలప్రయోగపు రిజిస్టరును, వైద్యుని గాయపత్రములను పక్కపక్కన పెట్టి తేదీలు సరిచూచుట అరగంట పని. గాయపత్రము ఉండి కథనము లేని తేదీ ఒక్కటి కనబడినను, ఆ దినపు విధిపట్టికలోని పేర్లు వ్రాసికొని వెలుపలికి రావచ్చును.